ఉక్కు కోతకు గంటకు 20 మిల్లీలీటర్ల నూనె: లేత్ మీద తుంపర పద్ధతిని బిగించి, కొలిచి, వాడే విధానం

బోరు నీళ్లతో కలిపిన సాల్యుబుల్ ఆయిల్ (కోత మీద పోసే కూలెంట్) ఎన్నాళ్లు నిలుస్తుందో నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ లేత్ షాపుల వాళ్లకు చెప్పనక్కర్లేదు. కలిపిన రోజు చిక్కటి పాలలా ఉంటుంది. కొన్నాళ్లకే పైన మీగడలా తెట్టు, కింద పలచటి నీళ్లు, తిప్పి పక్కన పెట్టిన జాబ్ (కోసే ఉక్కు ముక్క) మీద తెల్లారేసరికి తుప్పు చుక్కలు. ఆదివారం మూసి సోమవారం షట్టర్ ఎత్తితే ట్యాంకు నుంచి కుళ్లిన గుడ్ల వాసన. మన నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, కూలెంట్‌ను విరగ్గొట్టేది అది కాదు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు నూనె బొట్లను నీటిలో పట్టి ఉంచే రసాయనంతో కలిసి సబ్బు తెట్టులా గట్టిపడతాయి. పట్టి ఉంచేది పోయాక నూనె పైకి తేలుతుంది. ఆ వాసన మాత్రం గాలి ఆడని ట్యాంకులో పెరిగే బ్యాక్టీరియాది.

ఆ నీళ్లే లేకుండా ఉక్కును కోసే దారి ఒకటుంది. గాలితో కలిపి అతి కొద్ది నూనెను నేరుగా టూల్ మొన మీదికి కొట్టడం. పరిశ్రమలో దీన్ని ఎంక్యూఎల్ (మినిమమ్ క్వాంటిటీ లూబ్రికేషన్) అంటారు, మన షాపుల్లో మిస్ట్ అంటే అర్థమవుతుంది. మామూలు కూలెంట్ పంపు నిమిషానికి లీటర్ల లెక్కన పోస్తే, ఇక్కడ ఒక్కో నాజిల్‌కు గంటకు 5 నుంచి 50 మి.లీ. చాలు. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్), ఈఎన్ 8 (మధ్యరకం కార్బన్ ఉక్కు) టర్నింగ్‌కు 15 నుంచి 30 మధ్యలోనే పని అయిపోతుంది.

బిగించే ముందు ఒక్క సంగతి మనసుకెక్కించుకోవాలి. ఈ నూనె పని చల్లబరచడం కాదు, జారనివ్వడం. గంటకు 20 మి.లీ. నూనె ఏ వేడినీ మోసుకుపోలేదు. చిప్‌కూ టూల్‌కూ మధ్య, టూల్ పక్క ముఖానికీ జాబ్‌కూ మధ్య రాపిడిని తగ్గిస్తుంది, దాంతో పుట్టే వేడే తగ్గుతుంది. పుట్టిన వేడిలో ఎక్కువ భాగం చిప్ వెంట బయటికి పోవాలి. అందుకే నాజిల్ తగిలించి పాత స్పీడు, పాత టూల్‌తోనే నడిపితే ఫలితం రాదు. నూనె ఎంత పోయిందన్నదానికంటే ఎక్కడ పడిందన్నదే ముఖ్యం.

ఏ పనికి పెట్టాలి, ఏ పనికి వద్దు

ఎం.ఎస్., ఈఎన్ 8, ఈఎన్ 9, గట్టిపరచని ఈఎన్ 24 మీద టర్నింగ్, ఫేసింగ్, బోరింగ్, మిల్లింగ్, వ్యాసానికి రెండు మూడు రెట్ల లోతు వరకు డ్రిల్లింగ్, బ్యాండ్ సా కోత: ఇవన్నీ తుంపరతో బాగా నడుస్తాయి. రైస్ మిల్లు షాఫ్టులు, రోటవేటర్ షాఫ్టులు, ట్రాక్టర్ పిన్నులు, పంపు షాఫ్టులు దాదాపు అన్నీ ఇందులోకే వస్తాయి.

గ్రైండింగ్‌కు ఈ చిన్న సెట్టు వద్దు. అక్కడ వేడి చిప్ వెంట పోదు, జాబ్‌లోకే దిగుతుంది, ఉపరితలం కాలిపోతుంది. లోతైన డ్రిల్లింగ్‌కు టూల్ లోపలి నుంచే నూనె వచ్చే ఏర్పాటు ఉంటే తప్ప బయటి నాజిల్ అందదు. 304 స్టెయిన్‌లెస్ వేడిని లోపలే పట్టుకుంటుంది కాబట్టి తేలిక కట్లకే సరి. బీడు ఇనుముకు అసలు నూనె అక్కర్లేదు. దాని దుమ్ము నూనెతో కలిస్తే బెడ్ మీద సానరాయి పేస్టులా తయారై స్లైడ్లను అరగదీస్తుంది.

నూనె ఎంచుకోవడం

ఈ పనికే తయారుచేసిన సింథటిక్ ఎస్టర్ నూనె దొరికితే అదే మేలు. జిగురు కట్టదు, ఫ్లాష్ పాయింట్ (నూనె ఆవిరి మంటను అందుకునే వేడి) ఎక్కువ, ఎండకూ చలికీ చిక్కదనం పెద్దగా మారదు. కొనేటప్పుడు డబ్బా మీద రెండు అంకెలు చూడండి. ఫ్లాష్ పాయింట్ 150 డిగ్రీల పైన ఉండాలి. 40 డిగ్రీల దగ్గర చిక్కదనం 10 సెంటీస్టోక్స్‌కు తగ్గకూడదు. అంతకంటే పలచటి నూనె పొగమంచులా గాలిలో తేలుతుంది, టూల్ మీద నిలవదు.

అది అందకపోతే వంటనూనెల్లో కొన్ని నిజంగానే పనికొస్తాయి. ఎందుకంటే వాటిలోని కొవ్వు ఆమ్లాలు లోహానికి అంటుకుని పలచటి పొర కడతాయి, మినరల్ ఆయిల్ అంతగా అంటుకోదు.

రిఫైన్డ్ పల్లి నూనె మొదటి ఎంపిక. వనపర్తి, గద్వాల వైపు పల్లి మన పంటే. గానుగ నూనె మాత్రం తేవద్దు, దాని అడుగు మడ్డి సన్న గొట్టాన్ని మూసేస్తుంది. రిఫైన్డ్ తవుడు నూనె కూడా దాదాపు అంతే మంచిది. సన్‌ఫ్లవర్, కుసుమ నూనెలు గాలి తగిలి ఆరిపోయే రకం, రెండు మూడు వారాల్లో స్లైడ్ల మీద వార్నిష్‌లా గట్టిపడతాయి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డ కడుతుంది, డిసెంబరు పొద్దుటి పూట గొట్టంలో మైనంలా బిగుసుకుంటుంది.

ఆముదం సంగతి వేరు. ఒకప్పుడు పాలమూరు, నల్గొండ చెలకల నిండా ఉన్న పంట ఇది. ఆముదంలో అధిక భాగం రిసినోలిక్ ఆమ్లం. లోహాన్ని పట్టుకునే గుణంలో మిగతా వంటనూనెలు దీని దరికి రావు. చిక్కదనమే చిక్కు: పల్లి నూనెకు అయిదారు రెట్లు ఉంటుంది కాబట్టి నాజిల్ గొట్టంలో కదలదు. ఒక వంతు ఆముదం, మూడు వంతుల పల్లి నూనె కలిపి, గోరువెచ్చగా చేసి తిప్పి, ఒక రాత్రి గాజు సీసాలో ఉంచి చూడండి. పొరలుగా విడిపోకపోతే పాత నూలు బట్ట రెండు మడతల్లో వడకట్టి వాడవచ్చు. ఈఎన్ 24 లాంటి గట్టి ఉక్కుకు ఈ మిశ్రమం తేడా చూపిస్తుంది. ట్యాపింగ్‌కు మాత్రం ఆముదాన్ని ఏమీ కలపకుండా కుంచెతోనే పూయండి.

కిరోసిన్, డీజిల్, వాడేసిన ఇంజన్ ఆయిల్ నాజిల్‌లో పోయకూడదు. ఇందులో మినహాయింపు లేదు. కిరోసిన్ ఫ్లాష్ పాయింట్ 40 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. మే నెలలో రేకుల షెడ్డు లోపల ఎండే అంత ఉంటుంది. దాన్ని తుంపరగా చేసి ఎర్రగా కాలిన చిప్ మీదికి కొట్టడమంటే మంట పెట్టడమే. వాడేసిన ఇంజన్ ఆయిల్‌లో క్యాన్సర్ కారకాలు ఉంటాయి, చేతికి అంటితేనే మంచిది కాదు, ఊపిరిలోకి అసలే పోకూడదు.

కావాల్సిన సామాను

సీఎన్‌సీ లేదా వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే లేత్, మిల్లింగ్ మిషన్లు) ఉన్నవాళ్లు స్ట్రోక్‌కు ఇంత అని కొలిచి పంపే చిన్న పిస్టన్ పంపు యూనిట్ కొనుక్కోవడమే మంచిది. నూనె పలచబడినా చిక్కబడినా కొలత పెద్దగా మారదు. గాలి వేగంతో సీసాలోని నూనెను పీల్చి చిమ్మే చవక రకం మిస్ట్ యూనిట్లు దొరుకుతాయి గానీ, వాటిలో నూనె గంటకు 20 దగ్గర స్థిరంగా నిలవడం కష్టం, పొగమంచు ఎక్కువ. ఒకటి రెండు మామూలు లేత్‌లు ఉన్న షాపుకు కింది సెట్టు సరిపోతుంది.

2 హెచ్‌పీ కంప్రెసర్. కింద చెప్పే నాజిల్ 4 బార్ దగ్గర నిమిషానికి 80 నుంచి 100 లీటర్ల గాలి తాగుతుంది. 1 హెచ్‌పీ కంప్రెసర్ అయితే ఆగకుండా తిరిగి వేడెక్కుతుంది.

5 మైక్రాన్ల ఫిల్టర్, దాని వెంట రెండు రెగ్యులేటర్లు: ఒకటి నాజిల్ గాలికి, ఇంకొకటి నూనె పాట్‌కు.

నూనె పాట్: అర లీటర్ నుంచి లీటర్ వరకు పట్టే లోహపు ప్రెషర్ పాట్, సేఫ్టీ వాల్వ్‌తో. కనీసం 6 బార్‌కు పరీక్షించినది. కూల్‌డ్రింక్ సీసా, గాజు సీసా పొరపాటున కూడా వాడొద్దు, పగిలితే ముక్కలు కంట్లోకే వస్తాయి.

ఫ్రిజ్ మెకానిక్ దగ్గర దొరికే 031 సైజు రాగి కాపిల్లరీ 3 మీటర్లు. లోపలి రంధ్రం సుమారు 0.8 మి.మీ., బయటి వ్యాసం 2 మి.మీ. పైచిలుకు. ఈ సెట్టుకు గుండెకాయ ఇదే. 3 మీటర్ల సన్న గొట్టం ఇచ్చే అడ్డే నూనెను కొలుస్తుంది. నీడిల్ వాల్వ్‌లో గింజంత మురికి పడినా నూనె ఆగిపోతుంది. కాపిల్లరీలో రంధ్రం పొడవునా ఒకేలా ఉంటుంది కాబట్టి అంత తొందరగా మూసుకోదు.

6 మి.మీ. రాగి గొట్టం ఒక జానెడు, పుష్ ఫిట్టింగులు, 6 మి.మీ. పాలీయూరిథేన్ ట్యూబు, గాలికి ఒక బాల్ వాల్వ్, పాట్ లైనుకు గాలి వదిలిపెట్టే రకం 3/2 వాల్వ్ ఒకటి, నాజిల్‌ను పట్టి ఉంచడానికి డయల్ గేజ్ మ్యాగ్నెటిక్ స్టాండు.

బిగించే వరస

1. కంప్రెసర్ ట్యాంకు అడుగు వాల్వ్ తెరిచి నీళ్లన్నీ వదిలేయండి. వానాకాలంలో ఇది పొద్దునా సాయంత్రమూ చేయాల్సిందే. గాలిలోని తేమ తుంపరతో పాటు జాబ్ మీద పడితే, నీళ్లు వద్దనుకున్న చోటికే మళ్లీ తుప్పు వస్తుంది.

2. ఫిల్టర్ తర్వాత లైనును రెండుగా చీల్చండి. ఒక పాయ మొదటి రెగ్యులేటర్, బాల్ వాల్వ్ మీదుగా నాజిల్‌కు. రెండో పాయ రెండో రెగ్యులేటర్, 3/2 వాల్వ్ మీదుగా పాట్ మూతకు. ఎయిర్ టూల్స్ కోసం పెట్టే లూబ్రికేటర్ కప్పు లైనులో ఉంటే తీసేయండి.

3. 6 మి.మీ. రాగి గొట్టం ఒక కొసను నెమ్మదిగా కొట్టి శంకువులా మూయండి. ఆ మొనలో కాపిల్లరీ బయటి వ్యాసం కంటే అర మి.మీ. పెద్దదైన రంధ్రం వేయండి. కాపిల్లరీ 2.1 ఉంటే 2.6 డ్రిల్. చేతి డ్రిల్‌తో వద్దు, లేత్ టెయిల్‌స్టాక్‌లో పెట్టి వేస్తేనే నడిమధ్యలో పడుతుంది.

4. గొట్టం వెనక కొసకు టీ (మూడు దారుల ఫిట్టింగ్) బిగించి, పక్క దారి నుంచి గాలి, తిన్నని దారి నుంచి కాపిల్లరీ లోపలికి పంపండి. మొన దగ్గర గొట్టాన్ని మూడు వైపులా సెంటర్ పంచ్‌తో మెల్లగా నొక్కితే లోపల మూడు బుడిపెలు లేస్తాయి, కాపిల్లరీ వాటి మధ్య నిలుస్తుంది. కాపిల్లరీ మొన రంధ్రం నుంచి అర మి.మీ. బయటికి కనబడాలి. లోపలికి పోతే నూనె గొట్టం గోడకు అంటి చుక్కలుగా రాలుతుంది. ఒక పక్కకు ఒరిగితే తుంపర అరచంద్రంలా పడుతుంది.

5. కాపిల్లరీని కోసేటప్పుడు కటింగ్ ప్లయర్‌తో నొక్కితే రంధ్రం మూసుకుంటుంది. సన్న ఆకురాయితో చుట్టూ గీత గీసి, అటూ ఇటూ వంచి విరిచి, సూదితో మొన శుభ్రం చేయండి. మిగిలిన పొడవును పెన్ను మందం కంటే పెద్ద చుట్టగా చుట్టి పాట్ పక్కన కట్టేయండి. మడత పడితే అక్కడే ఆగిపోతుంది.

6. కాపిల్లరీ రెండో కొస పాట్ అడుగు నుంచి అర అంగుళం పైన ఉండాలి. అడుగునే ఉంటే మడ్డిని పీలుస్తుంది. నూనె పోసేటప్పుడు టీ జల్లెడ చాలదు, మడత బట్టతో వడకట్టాలి.

7. నాజిల్ గాలిని 4 బార్‌కు, పాట్‌ను 1 బార్‌కు పెట్టండి. షాపు లెక్కలో నాలుగు కేజీలు, ఒక కేజీ. సబ్బు నురుగు పూసి అన్ని జాయింట్లూ చూడండి. పని ఆపినప్పుడు 3/2 వాల్వ్ పాట్‌లోని గాలిని బయటికి వదిలేయాలి. వదలకపోతే రాత్రంతా చుక్క చుక్కగా కారి పొద్దున బెడ్ మీద మడుగు కనిపిస్తుంది.

కొలవడం

ఈ పని వదిలేసి కంటి లెక్కతో నడిపే వాళ్లే తర్వాత మిస్ట్ పనికిరాదంటారు. నాజిల్ గాలి మూసి, పాట్ ప్రెషర్ మాత్రం ఇచ్చి, నాజిల్ మొనను మందు సీసా మీది కొలత మూతలో పెట్టండి. గొట్టంలో బుడగలు పోయి నూనె వరసగా వచ్చాక గడియారం చూసి సరిగ్గా 15 నిమిషాలు పట్టండి. 5 మి.లీ. వస్తే గంటకు 20.

పల్లి నూనెతో, నూనె 40 డిగ్రీల వేడి మీద ఉన్నప్పుడు, పైన చెప్పిన 3 మీటర్ల కాపిల్లరీ 1 బార్‌కు లెక్క ప్రకారం గంటకు 30 మి.లీ. దగ్గర ఇస్తుంది. రంధ్రంలో కాస్త తేడా ఉన్నా అంకె చాలా మారుతుంది, ఎందుకంటే ప్రవాహం వ్యాసపు నాలుగో ఘాతం మీద నడుస్తుంది. కాబట్టి లెక్కను నమ్మొద్దు, మూతను నమ్మండి. ఎక్కువ వస్తే పాట్ ప్రెషర్ తగ్గించండి, ప్రెషర్ సగమైతే నూనె సగమవుతుంది. 0.5 బార్ కంటే కిందికి పోవాల్సి వస్తే రెగ్యులేటర్ నిలకడగా ఉండదు, కాపిల్లరీని పొడవు చేయడమే మేలు.

40 డిగ్రీల దగ్గర ఉన్న పల్లి నూనె 20 డిగ్రీలకు దిగితే చిక్కదనం రెట్టింపవుతుంది. అంటే మేలో 30 ఇచ్చిన సెట్టింగ్ జనవరి పొద్దున 15 ఇస్తుంది. రుతువు మారినప్పుడల్లా, నూనె మార్చినప్పుడల్లా మూత పరీక్ష మళ్లీ చేయాలి. పంపు యూనిట్ ఉన్నవాళ్లకు లెక్క సులువు: స్ట్రోక్‌కు 0.03 మి.లీ. అయితే నిమిషానికి 11 స్ట్రోకులు వేస్తే గంటకు దాదాపు 20.

తర్వాత గాలి తెరిచి, 30 మి.మీ. దూరంలో అట్టముక్క పట్టి మూడు సెకన్లు కొట్టండి. రూపాయి బిళ్లంత తడి మెరుపు కనిపించాలి. బొట్లు జారితే నూనె ఎక్కువ, లేదా గాలి తక్కువ. అట్ట పొడిగా ఉండి చుట్టూ పొగలా కనిపిస్తే గాలి ఎక్కువ, 3 బార్‌కు దించండి.

నాజిల్ గురి

ఎక్కువ మంది తప్పు చేసే చోటు ఇదే. కూలెంట్ అలవాటులో నాజిల్‌ను పైనుంచి చిప్ మీదికి పెడతారు. పైన చిప్ గొడుగులా అడ్డం ఉంటుంది. తుంపర దాని వీపు మీద పడి పొగై పోతుంది, మొనకు ఒక్క చుక్క చేరదు.

టర్నింగ్‌లో నాజిల్ కిందినుంచి, టూల్ క్లియరెన్స్ ముఖానికీ (జాబ్ వైపు చూసే పక్క ముఖం) జాబ్‌కూ మధ్య ఉన్న సందులోకి చూడాలి. దూరం 20 నుంచి 30 మి.మీ. మిషన్ ఆపి, టూల్‌ను జాబ్‌కు తాకించి, టార్చిని నాజిల్ ఉన్న చోటి నుంచే కొట్టి చూడండి. వెలుగు మొనకు చేరితే నూనె కూడా చేరుతుంది. మొన నీడలో పడితే నాజిల్ జరపండి. నాజిల్ టూల్‌పోస్టుతో పాటు కదలాలి, బెడ్‌కు బిగిస్తే ఒక అడుగు పోయాక గురి తప్పుతుంది. రెండో నాజిల్ పెట్టే వీలుంటే దాన్ని చిప్ అడుగు వైపు, రేక్ ముఖం (చిప్ జారే పై ముఖం) పక్కనుంచి పెట్టండి. ఒక్కటే ఉంటే మాత్రం క్లియరెన్స్ వైపే.

మిల్లింగ్‌లో కట్టర్ పన్ను కోత నుంచి బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోయే ముందు గాలిలో ఉంటుంది, ఆ దారిలో తుంపర పడాలి. పన్ను నూనె పట్టుకుని లోపలికి పోతుంది. కార్బైడ్ (వేడికి ఓర్చే గట్టి టూల్ పదార్థం) కట్టర్‌కు ఇది కూలెంట్ కంటే మంచిది. వేడెక్కిన పంటి మీద ప్రతి చుట్టూ నీళ్లు పడితే అది దువ్వెనలా పగుళ్లిస్తుంది. అదే కారణంతో, మిస్ట్ నడుస్తుండగా మధ్యలో మగ్గుతో కూలెంట్ చల్లే అలవాటు మానుకోవాలి. కార్బైడ్‌కు పూర్తిగా తడి గానీ, పూర్తిగా పొడి గానీ, తుంపర గానీ.

స్పీడు, ఫీడు: ఒక షాఫ్టు లెక్క

65 మి.మీ. ఈఎన్ 8 రాడ్డును 400 మి.మీ. పొడవున 60కి తిప్పాలి అనుకుందాం. రైస్ మిల్లు షాఫ్టుకు ఇది రోజూ వచ్చే పని.

ఇన్సర్ట్ (టూల్‌కు బిగించి, అరిగితే మార్చే కార్బైడ్ మొన): ఉక్కుకు పనికొచ్చే పి 20 లేదా పి 25 తరగతి, పూత ఉన్నది, చిప్ బ్రేకర్‌తో, సీఎన్‌ఎంజీ 120408. చివరి 08 అంటే మొన గుండ్రం 0.8 మి.మీ. కోత వేగం నిమిషానికి 130 మీటర్లు తీసుకుంటే 130ని 1000తో గుణించి, 3.14 ఇంటు 65తో భాగిస్తే 637. గేర్లలో 630 ఉంటే అది వేయండి. 500 ఉంటే 102 మీటర్లు, అదీ పరవాలేదు. 350కి దిగితే 71 మీటర్లే, అక్కడ ఉక్కు ముక్క మొనకు అతుక్కుని బుడిపె కట్టే ప్రమాదం ఎక్కువ. ఇక్కడ మనవాళ్ల జంకు వదలాలి. నూనె తక్కువ కదా అని స్పీడు తగ్గిస్తే పని పాడవుతుంది. కార్బైడ్‌కు వేగం ఉంటేనే వేడి చిప్‌లోకి పోతుంది.

మొదటి రెండు కట్లు 1.2, 1.0 మి.మీ. లోతు, ఫీడ్ (టూల్ ముందుకు జరిగే దూరం) చుట్టుకు 0.25 మి.మీ. వీటితో 60.6 వస్తుంది. 3 హెచ్‌పీ మోటారు దీన్ని లాగుతుంది, 2 హెచ్‌పీ అయితే 0.8, 0.8, 0.6 లోతుతో మూడు కట్లు వేయండి. చివరి కట్ 0.3 లోతు, ఫీడ్ 0.12. ఫీడ్ వర్గాన్ని మొన గుండ్రానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే గీతల ఎత్తు తెలుస్తుంది: 0.25 ఫీడ్‌కు దాదాపు 10 మైక్రాన్లు, 0.12కి 2 మైక్రాన్ల పైచిలుకు.

రఫ్ కట్ ఒక్కోటి రెండున్నర నిమిషాలు, ఫినిష్ అయిదుంబావు. మొత్తం పదిన్నర నిమిషాల కోతకు గంటకు 20 చొప్పున 3.5 మి.లీ. నూనె. ఒక టీ చెంచా నిండదు.

చిప్ బంగారు రంగు నుంచి లేత నీలం వరకు, చిన్న చిన్న ముక్కలుగా రావాలి. కార్బైడ్‌తో నీలం చిప్ చూసి భయపడొద్దు, వేడి అక్కడికే పోతోంది. పొడవాటి తీగలు వస్తే ఫీడ్ పెంచండి, తీగ చిప్ జాబ్‌కు చుట్టుకుని వేడిని తిరిగి తెస్తుంది. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్ అయితే లెక్క వేరు: 25 నుంచి 30 మీటర్లే, అంటే ఈ రాడ్డుకు 135 ఆర్‌పీఎం చుట్టుపక్కల. చిప్ ఎండుగడ్డి రంగు దాటకూడదు.

బేరింగ్ సీటు దగ్గర ఆగండి

తుంపర చల్లబరచదని ముందే చెప్పుకున్నాం, ఆ మాట ఇక్కడ బయటపడుతుంది. ఉక్కు ప్రతి డిగ్రీకి మీటరుకు 11 నుంచి 12 మైక్రాన్లు పెరుగుతుంది. 60 మి.మీ. షాఫ్టు షాపు వేడి కంటే 30 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే వ్యాసం 0.02 మి.మీ. పెరిగి ఉంటుంది. 60కి కె6 ఫిట్‌లో (బేరింగ్ సీటుకు వాడే ప్రామాణిక కొలత తరగతి) అనుమతించిన కొలత 60.002 నుంచి 60.021 వరకే. అంటే వేడి మీద సరిగ్గా కొలిచి దింపిన సీటు, చల్లారాక అడుగు కొలతను తాకుతుంది లేదా దాటుతుంది. బేరింగ్ చేత్తోనే ఎక్కిపోతుంది, మిల్లులో నెల తిరక్కుండా లోపలి రింగు షాఫ్టు మీద తిరగడం మొదలుపెడుతుంది.

కాబట్టి రఫ్ అయ్యాక వ్యాసంలో 0.6 మి.మీ. ఉంచి జాబ్‌ను వదిలేయండి. చేయి పెడితే మైక్రోమీటర్ ఫ్రేము ఎంత వెచ్చగా తగులుతుందో జాబ్ కూడా అంతే తగిలాక ఫినిష్ కట్ వేయండి. మే నెలలో షాపంతా 40 డిగ్రీలున్నా ఇబ్బంది లేదు, జాబ్, మైక్రోమీటర్ రెండూ ఉక్కే, రెండూ ఒకే వేడి మీద ఉంటే చాలు. మైక్రోమీటర్‌ను ఏసీ గదిలోంచో, ఎండ పడే కిటికీ మీదనుంచో తేవద్దు.

పొడవులోనూ ఇదే సంగతి. మీటరు షాఫ్టు 30 డిగ్రీలు వేడెక్కితే 0.35 మి.మీ. సాగుతుంది. టెయిల్‌స్టాక్ సెంటర్ బిగదీసి ఉంటే షాఫ్టు మధ్యలో విల్లులా వంగి, నడుము సన్నబడుతుంది. ప్రతి రఫ్ కట్ తర్వాత సెంటర్‌ను కాస్త వదులు చేసి మళ్లీ చేతితో బిగించండి.

డ్రిల్, ట్యాప్, బ్యాండ్ సా

10 మి.మీ. హెచ్‌ఎస్‌ఎస్ డ్రిల్‌ను ఎం.ఎస్.లో 800 ఆర్‌పీఎం, చుట్టుకు 0.15 ఫీడ్‌తో నడపండి. 20 నుంచి 30 మి.మీ. లోతు వరకు ఒకే దెబ్బలో పోవచ్చు. దాటితే ప్రతి 10 మి.మీ.కు బయటికి లాగి, మొనకు తుంపర తగలనిచ్చి మళ్లీ దించండి. కీచుమంటే అప్పటికే ఆలస్యమైంది, లాగేయండి. ట్యాపింగ్‌కు ఆముదం లేదా ట్యాపింగ్ పేస్టు, కుంచెతో. బ్యాండ్ సాకు బ్లేడు రెండు పక్కలా ఒక్కో నాజిల్, ఒక్కోదానికి గంటకు 10 నుంచి 15 మి.లీ., బ్లేడు రాడ్డులోకి దిగే ముందు పళ్ల మీద పడేలా.

తేడా వస్తే ఎక్కడ చూడాలి

తుంపర దగ్గుతున్నట్టు ఆగి ఆగి వస్తే నూనె దారిలో గాలి ఉంది: పాట్ నూనె అడుగంటింది, లేదా కాపిల్లరీ ఫిట్టింగ్ వదులైంది. పొగ ఎక్కువైతే ముందు నూనె తగ్గించండి, ఆ తర్వాతే స్పీడును అనుమానించండి. 50 మి.లీ. పోస్తే పని బాగవుతుందనుకోవడం పొరపాటు, ఎక్కువైన నూనె కాలి గదిలో పొగవుతుంది, అంతే.

ఇన్సర్ట్ క్లియరెన్స్ ముఖం త్వరగా అరిగి మెరుస్తుంటే నూనె అక్కడికి చేరడం లేదు, టార్చి పరీక్ష మళ్లీ చేయండి. జాబ్ మీద చిరిగిన గరుకు, ఇన్సర్ట్ మొన మీద అతుక్కున్న ఉక్కు ముక్క కనిపిస్తే వేగం తక్కువ. మొన పెచ్చులూడితే ఎవరో మధ్యలో తడి చల్లి ఉంటారు, లేదా ఇన్సర్ట్ కింద షిమ్ మీద చిప్ ముక్క ఇరుక్కుని ఉంటుంది. పాట్ ప్రెషర్ మార్చకుండానే నూనె నెలనెలా తగ్గుతూ వస్తే కాపిల్లరీ లోపల జిగురు కడుతోంది. రాగి తగిలిన వంటనూనె తొందరగా చిక్కబడుతుంది. గోరువెచ్చటి కొత్త నూనెను 3 బార్ మీద పది నిమిషాలు తోయండి. అప్పటికీ రాకపోతే గొట్టం మార్చడమే, దాని ఖరీదు పెద్దది కాదు.

ఊపిరి, మంట

లైట్లు తీసి, మిషన్ నడుస్తుండగా ఫోన్ టార్చిని అడ్డంగా కొట్టండి. వెలుగు దారిలో మంచులా తేలేది కనిపిస్తే అది మీ ఊపిరిలోకి పోతోంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ కటింగ్ ఫ్లూయిడ్ తుంపరకు చేసిన సిఫారసు ఘనపు మీటరు గాలికి 0.5 మిల్లీగ్రాములు. వంటనూనె కదా ఏం కాదనుకోవద్దు, తినే నూనె వేరు, పీల్చే నూనె వేరు. మిషన్ వెనక గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, గాలి మీ వైపు నుంచి మిషన్ మీదుగా బయటికి పోయేలా నిలబడండి. కళ్లద్దాలు తప్పనిసరి, 4 బార్ గాలి సన్న చిప్‌ను సూటిగా ముఖం మీదికి విసురుతుంది.

నూనె తుడిచిన గుడ్డలను మూల కుప్ప వేయొద్దు. వంటనూనె గాలితో కలిసి నెమ్మదిగా వేడి పుట్టిస్తుంది, ఎండాకాలం మూసిన షెడ్డులో ఆ కుప్ప తనంతట తాను అంటుకోవచ్చు. మూత ఉన్న రేకు డబ్బాలో వేసి రోజూ షెడ్డు బయట పెట్టండి. మిషన్ పక్కన ఇసుక బకెట్, డ్రై పౌడర్ సిలిండర్ ఉండాలి. నూనె మంట మీద నీళ్లు పోయకూడదు.

రోజూ, పండగలకూ

సాయంత్రం పాట్ గాలి వదిలి, బెడ్, స్లైడ్లు, లీడ్ స్క్రూ తుడిచి, స్లైడ్ ఆయిల్ పూయండి. తుంపర నూనె స్లైడ్ ఆయిల్‌కు బదులు కాదు. వారానికోసారి చక్ జాలు విప్పి జిగురు గీకాలి. ఫిల్టర్ గిన్నెలో నీళ్లు కనిపిస్తే వెంటనే వదలాలి. ఇంతకు ముందు ట్యాంకులో ఉన్న పాత కూలెంట్‌ను మోరీలో పోయొద్దు. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద నూనె కలిసిన వ్యర్థాలు అనుమతి ఉన్న సేకరణదారుకే ఇవ్వాలి. ఇక్కడి బోర్లు ఇప్పటికే మోయగలిగినంత మోస్తున్నాయి.

దసరాకు మిషన్లు కడిగి పూజ చేసి నాలుగు రోజులు మూస్తాం. ఆ ముందు రోజు పాట్‌లోని వంటనూనె తీసేసి, కాపిల్లరీలోకి పలచటి స్పిండిల్ ఆయిల్ అయిదు నిమిషాలు తోసి వదిలేయండి. తెరిచిన రోజు కొత్త నూనె పోసి, మొదట వచ్చిన 5 మి.లీ. పారబోసి, బుడగలు ఆగాక మూత పెట్టి 15 నిమిషాలు మళ్లీ కొలవండి. అంకె పాతదానికి సరిపోయాకే చక్‌లో జాబ్ బిగించండి.